పాఠానికి పాటను తోడిచ్చిన గురుదేవుడు

(ద్వితీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

మన కాలేజీలో ఏ సభ ముగిసినా అందరం లేచి నిలబడి పాడే పాట ఒకటుంది. అది రాసిందెవరంటే ఒకటో తరగతి పిల్లవాడు కూడా రవీంద్రనాథ్ ఠాగూర్ అని చెప్పేస్తాడు. నోబెల్ బహుమతి ఎప్పుడొచ్చిందంటే జనరల్ నాలెడ్జి పుస్తకం బట్టీపట్టిన మనం 1913 అని చెప్పేస్తాం. కాని ఆ మహానుభావుడు చిన్నప్పుడు బడి అంటే పారిపోయిన పిల్లవాడని, చదివి ఒక్క డిగ్రీ కూడా తెచ్చుకోలేదని, ఆ తర్వాత తానే ఒక బడి పెట్టి నలభై ఏళ్ళు నెత్తిన మోశాడని, ఆ బడిలో పాఠం పక్కనే పాటకు కూడా పీట వేశాడని ఎంతమందికి తెలుసు? నాకూ మొన్నమొన్నటి దాకా తెలియదు.

తెలుసుకోవలసిన అవసరం మా ఇంట్లోంచే వచ్చింది. మాది పిఠాపురం దగ్గర పల్లెటూరు. ఏలేరు నీటి కింద మూడెకరాల వ్యవసాయం. నా తమ్ముడు ఏడో తరగతి చదువుతున్నాడు. వాడికి ఎక్కడ పాట వినపడితే అక్కడ కాళ్ళు ఆగిపోతాయి. ఊడ్పుల్లో ఆడవాళ్ళు పాడే పాటలు, గుళ్ళో హరికథ, టీ కొట్టులో మోగే సినిమా పాట ఏదైనా సరే, రెండుసార్లు వింటే మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పేస్తాడు. లెక్కల్లో మాత్రం ముప్ఫై మార్కులు దాటవు. వీడు పాటలకి పనికొస్తాడుగాని చదువుకి పనికిరాడు, గొడ్ల వెనక పంపించుకోండని వాళ్ళ మాస్టారొకాయన నాన్నతో అన్నారట. నాన్న కూడా ఈ ఏడుతో మానిపించేద్దాం అనుకున్నాడు.

నిజం ఒప్పుకోవాలంటే నేనూ మాస్టారి పక్షమే. సైన్సు చదువుకుంటున్నవాణ్ణి కదా, పాటలు పొద్దుపోనివాళ్ళకి అనుకునేవాణ్ణి. సంక్రాంతి సెలవుల్లో లెక్క చేస్తూ కూనిరాగం తీశాడని వాణ్ణి వీపు మీద ఒకటి వేశాను కూడా. సెలవులై వచ్చాక మన లైబ్రరీలో రవీంద్రుని జీవితచరిత్ర చేతికి దొరికింది. చదువుతూ ఉంటే ఆ దెబ్బ నా వీపు మీదే పడినట్టయింది. అందుకే ఈ నాలుగు మాటలు మిత్రులతో పంచుకుందామని రాస్తున్నాను.

బడి నుంచి పారిపోయిన పిల్లవాడు

రవీంద్రుడు 1861 మే 7న కలకత్తాలో జొరాసాంకో అనే పేటలో పుట్టాడు. తండ్రి దేవేంద్రనాథ్, తల్లి శారదాదేవి. వారి సంతానంలో ఈయన పద్నాలుగోవాడు. పెద్ద జమీందారీ కుటుంబమే అయినా చిన్నపిల్లల ఆలనాపాలనా అంతా నౌకర్ల చేతుల్లోనే ఉండేది. ఒక నౌకరైతే పిల్లవాణ్ణి ఒకచోట కూర్చోబెట్టి చుట్టూ సుద్దతో గీత గీసి, దాటితే ప్రమాదమని బెదిరించి తన పనికి తాను పోయేవాడట. రామాయణంలో లక్ష్మణరేఖ కథ విన్న పిల్లవాడు పాపం ఆ గీత దాటేవాడు కాదు.

బడులు ఒకటి కాదు, నాలుగు మారాడు. ఓరియంటల్ సెమినరీ, నార్మల్ స్కూలు, బెంగాల్ అకాడమీ, సెంట్ జేవియర్స్. ఎక్కడా నిలవలేదు. నార్మల్ స్కూల్లో రోజూ తరగతులు మొదలయ్యేముందు పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి ఒక ఇంగ్లీషు పాట పాడించేవారు. ఆ పాటకు అర్థమేమిటో పిల్లల్లో ఒక్కడికీ తెలియదు. బెంగాలీ నోళ్ళలో పడి నలిగి నలిగి అది ఏ భాషో పోల్చుకోలేని స్థితికి వచ్చింది. పెద్దయ్యాక ఎంత ప్రయత్నించినా అందులో కొన్ని మాటలు అసలు ఏమై ఉంటాయో ఆయనకే అంతుపట్టలేదు. బళ్ళో పాట పెట్టినంత మాత్రాన చదువు రాదనడానికి ఇంతకంటె ఉదాహరణ ఏం కావాలి?

ఇంటి దగ్గర మాత్రం సంగతి వేరు. తెల్లవారకముందే కుస్తీ, తర్వాత లెక్కలు, భూగోళం, బొమ్మలు గీయడం, రాత్రికి ఇంగ్లీషు. మధ్యలో సైన్సు కూడా ఉండేది. ఒక ఉపాధ్యాయుడు గాజుపాత్రలో నీళ్ళుపోసి, అందులో రంపపు పొట్టు వేసి, కింద మంట పెట్టి, వేడెక్కిన నీరు పైకి రావడం, చల్లని నీరు కిందికి దిగడం చూపించాడట. ఆ రోజు కలిగిన ఆశ్చర్యాన్ని రవీంద్రుడు ముసలితనం వరకు మరచిపోలేదు. ఆ ప్రయోగం మనమూ హైస్కూల్లో చదివాం. చూసినవాళ్ళం ఎంతమందిమి?

ఇక సంగీతం. విష్ణు చక్రవర్తి అనే ఆయన పిల్లలకు పాట నేర్పేవాడు. పెద్ద విద్వాంసుడైన జదు భట్టు కూడా ఆ ఇంట కొంతకాలం ఉన్నాడు. కాని కూర్చోబెట్టి సాధన చేయించబోతే రవీంద్రుడు తప్పించుకునేవాడు. పక్కగదిలో ఎవరో పాడుకుంటూ ఉంటే, అన్న జ్యోతిరింద్రనాథ్ పియానో ముందు కూర్చుని కొత్త బాణీలు కడుతూ ఉంటే చెవులప్పగించి వినేవాడు. తండ్రిగారి దగ్గర ఉండే కిశోరీ ఛటర్జీ అనే ఆయన పల్లెల్లో పాడే పాంచాలీ పాటలు ఎన్నో వినిపించాడు. అవన్నీ పిల్లవాడికి నోటికొచ్చేశాయి. శ్రీకంఠబాబు అనే ముసలాయన సితార్ పట్టుకుని వచ్చి, పాడడంలో ఎంత సంతోషపడేవాడో, చిన్నపిల్లవాడి పాట వినడంలోనూ అంత సంతోషపడేవాడు. అంటే ఆయన సంగీతం నేర్చుకున్నది పాఠంగా కాదు. చెవిలో పడగా పడగా వచ్చింది. పొలం గట్టు మీద కూర్చుంటే తడి దానంతటదే పంచెకెక్కినట్టన్నమాట.

తండ్రి చూపించిన నక్షత్రాలు

1873లో ఉపనయనమయ్యాక తండ్రి ఆయన్ని వెంటబెట్టుకుని హిమాలయాలకు బయలుదేరాడు. మొదటి మజిలీ బోల్‌పూర్ దగ్గర శాంతినికేతన్. అది 1863లో దేవేంద్రనాథ్ ధ్యానానికి అనుకూలంగా ఉంటుందని తీసుకున్న బీడుభూమి. అక్కడినుంచి అమృత్‌సర్. స్వర్ణదేవాలయంలో భక్తులు కీర్తనలు పాడుతూంటే తండ్రి వారి మధ్య కూర్చుని తానూ గొంతు కలిపేవాడు. పరాయి ఊరి పెద్దమనిషి తమ పాట పాడినందుకు వాళ్ళెంతో ఆదరించేవారట. సాయంత్రాలు వరండాలో వెన్నెల పడుతూంటే కొడుకుని పిలిచి బ్రహ్మసమాజ గీతాలు పాడించుకుని తలవంచుకుని వినేవాడు.

డల్హౌసీ కొండల మీదకు చేరాక చదువు మొదలైంది. తెల్లవారుజామున సంస్కృతం, తర్వాత ఇంగ్లీషు. చీకటి పడ్డాక కొండల మీద ఆకాశం చూపించి, ఇది ఫలానా నక్షత్రం, ఇది ఫలానా గ్రహం అని చెప్పేవాడు. ఆ చెప్పినవన్నీ పిల్లవాడు రాసుకున్నాడు. తన తొలి వచనరచనల్లో అదొకటని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. నాలుగు బడులు చెయ్యలేని పని నాలుగు నెలల్లో ఒక్క తండ్రి చేశాడు. పాట, చదువు, ప్రకృతి మూడూ ఒకే రోజులో, ఒకే మనిషి దగ్గర దొరకడమే అందులోని రహస్యం. తర్వాత ఆయన పెట్టిన బడికి విత్తనం అక్కడే పడింది.

1878లో ఇంగ్లండు వెళ్ళాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో కొన్నాళ్ళు కూర్చున్నాడు. 1880లో డిగ్రీ లేకుండానే తిరిగొచ్చాడు. కాని చెవులు ఖాళీగా రాలేదు. అక్కడ విన్న ఐరిష్, ఇంగ్లీషు బాణీలను కలిపి 1881లో వాల్మీకిప్రతిభ అనే గేయనాటకం రాసి, తానే వాల్మీకి వేషం కట్టాడు. 1883లో మృణాళినీదేవితో వివాహమైంది.

ఆ తర్వాత తండ్రి ఆజ్ఞ మీద జమీందారీ వ్యవహారాలు చూడటానికి పద్మానది ఒడ్డున శిలైదహకు వెళ్ళాడు. రైతు బతుకును దగ్గరగా చూసింది అక్కడే. పడవలో తిరుగుతూ, పల్లెల్లో బౌల్ గాయకుల పాటలు వింటూ గడిపాడు. ఆ ప్రాంతంలో ఉత్తరాలు మోసే గగన్ హర్కారా అనే ఆయన పాట బాణీ రవీంద్రుని చెవిలో పడింది. 1905లో బెంగాల్ విభజన జరిగినప్పుడు ఆ బాణీలోనే ఒక దేశభక్తి గీతం కట్టాడు. 1971లో పుట్టిన బంగ్లాదేశ్ దాన్నే జాతీయగీతంగా చేసుకుంది. ఉత్తరాలు మోసేవాడి కూనిరాగం ఒక దేశానికి గీతమైంది. కూనిరాగం తీశాడని తమ్ముణ్ణి కొట్టినవాణ్ణి, ఇది చదివి తలదించుకోక ఏం చెయ్యను?

ఐదుగురు పిల్లల బడి

1901 డిసెంబరు 22న శాంతినికేతన్‌లో బడి మొదలైంది. విద్యార్థులు ఐదుగురే. అందులో ఒకడు తన పెద్దకొడుకు రథీంద్రనాథ్. చెట్ల కింద తరగతులు, చాప మీద కూర్చోవడం. జీతం తీసుకోకూడదని మొదట్లో నియమం పెట్టుకున్నారు. డబ్బు లేదు. భార్య నగలు అమ్మాల్సి వచ్చింది. పూరీలో ఉన్న ఇల్లు కూడా అమ్మేశాడు.

ఆ బడి నిలదొక్కుకునే రోజుల్లోనే ఆయన మీద పిడుగులు పడ్డాయి. 1902లో భార్య పోయింది. 1903లో కూతురు రేణుక పోయింది. 1904లో, పాటన్నా పద్యమన్నా ప్రాణం పెట్టి చెప్పే సతీశ్ చంద్ర రాయ్ అనే యువ ఉపాధ్యాయుడు మశూచితో చనిపోయాడు. 1905లో తండ్రి పోయాడు. 1907లో చిన్నకొడుకు శమీంద్రనాథ్ కలరాతో పోయాడు. ఇన్ని చావుల మధ్య ఎవరైనా బడి మూసేసి కూర్చుంటారు. ఆయన మూయలేదు. మరుసటి ఏడాదే, 1908లో, బడిపిల్లలు ఆడుకోవడానికి శారదోత్సవం అనే పాటల నాటకం రాసిచ్చాడు. అందులో కథంతా శరదృతువులో సెలవు దొరికిన పిల్లల సంతోషమే. కొడుకు పోయిన తండ్రి ఇతరుల కొడుకుల కోసం అది రాశాడంటే చదువుతున్న నాకు గుండె బరువెక్కింది.

పైగా ఊరివాళ్ళ ఎగతాళి ఒకటి. ఎక్కడా చదువు రాని అల్లరిపిల్లల్ని తెచ్చి అక్కడ పడేసేవారు. తూర్పు బెంగాల్ ప్రభుత్వమైతే ఒక దశలో ప్రభుత్వోద్యోగులు తమ పిల్లల్ని ఆ బడికి పంపకూడదని సర్క్యులర్ పంపింది. పాటలు పాడుకునే బడి అని చులకన చేసినవాళ్ళకూ కొదవలేదు. అయినా ఆ పిల్లలు కలకత్తా విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చుంటూనే ఉన్నారు.

ముందు చెవి, తర్వాత మాస్టారు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. శాంతినికేతన్ అంటే పాటల బడి కదా, మొదటిరోజునుంచే సంగీతం క్లాసు ఉండి ఉంటుందనుకున్నాను. కాదు. మొదట వచ్చిన పిల్లల్లో పాట మీద ఇష్టం పెద్దగా కనపడలేదు. అందుకని రవీంద్రుడు సంగీతం మాస్టారును పెట్టలేదు. నేర్చుకు తీరాలని బలవంతమూ చెయ్యలేదు. చేసిందల్లా ఒకటే. పాడగలిగిన పెద్దలు తమకోసం తాము పాడుకుంటూ ఉండాలి, పిల్లలు తిరిగేచోటే పాడుకోవాలి. ఆయన కొత్త పాట కట్టిన వెంటనే అన్న మనవడైన దినేంద్రనాథ్‌ను పిలిచేవాడు. ఎందుకంటే రేపటికి ఆ బాణీ తానే మరచిపోయేవాడు. దినేంద్రుడు అందుకుని పాడేవాడు, స్వరం రాసిపెట్టేవాడు. ఆడుకుంటున్న పిల్లలు ఒకరొకరే వచ్చి చుట్టూ చేరేవారు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. అలా వినగా వినగా వాళ్ళకు తెలియకుండానే చెవి తయారైంది. చాలామందికి ఇష్టం పుట్టిందని రూఢి అయ్యాకే సంగీతం నేర్పే గురువును తెచ్చాడు.

ఇది నాకు చాలా గొప్ప విషయంగా తోచింది. మన వ్యవసాయంలో చూడండి. దుక్కి పొడిగా ఉండగా నారు తెచ్చి నాటితే బతుకుతుందా? ముందు నీరు పెట్టాలి, దమ్ము చెయ్యాలి, మడి మెత్తబడాలి. అప్పుడు వేలు పెడితే చాలు, నారు నిలబడుతుంది. రవీంద్రుడు పిల్లల చెవికి ముందు నీరు పెట్టాడు.

రోజు గడిచే తీరులో కూడా పాటకు చోటుండేది. తెల్లవారుతూనే కొందరు పాడుకుంటూ ఆశ్రమమంతా తిరిగేవారు. దానికి వైతాలికమని పేరు. పిల్లలు ఆ పాట వింటూ లేవాలి. గంట మోత తర్వాతి సంగతి. పొద్దునా సాయంత్రమూ కాసేపు నిశ్శబ్దంగా కూర్చోవాలి. బుధవారం సెలవు. ఆ రోజు అద్దాల మందిరంలో ప్రార్థన, పాట ఉండేవి. పాటతోపాటు మౌనం కూడా పెట్టడం గమనించాలి. ఊరుకోవడం తెలియనివాడికి వినడం రాదు.

పాట వెంట వచ్చిన పాఠాలు

మరి దీనివల్ల మిగతా సబ్జెక్టులకేమిటి లాభమని ఎవరైనా అడగవచ్చు. నేనూ అదే అడిగాను. నాకు దొరికిన జవాబులు చెబుతాను.

మొదటిది భాష. రవీంద్రునికి పసితనంలో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ వాచకంలో వాన గురించి, ఆకు గురించి ఉన్న చిన్న ముక్కలో లయ చెవిన పడిన రోజే అక్షరానికి ప్రాణం వచ్చింది. అంతకుముందు అక్షరాలు వట్టి గీతలు. ఆ సంగతి గుర్తు పెట్టుకునే 1930లో సహజ్ పాఠ్ అనే తొలి వాచకం తయారుచేశాడు. బొమ్మలు నందలాల్ బోస్‌వి. చదవకముందు వినడానికి బాగుండే పుస్తకం అది. పిల్లవాడు విని ఊగుతాడు, ఊగినదాన్ని గుర్తుపడతాడు, గుర్తుపట్టినదాన్ని చదువుతాడు.

రెండోది ప్రకృతిశాస్త్రం. ఆయన రాసిన పాటలు రెండు వేలకు పైన ఉన్నాయి. అందులో ప్రకృతి మీద రాసినవాటిని ఋతువులవారీగా విడదీశారు. వాన పాటలే నూరు దాటతాయి. చెట్టు కింద కూర్చున్న పిల్లవాడు వాన పాట వింటూనే మబ్బు చూస్తాడు, గాలి ఎటు తిరిగిందో చూస్తాడు, ఏ పువ్వు ఎప్పుడు పూసిందో చూస్తాడు. పాట వల్ల కన్ను కూడా తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఎందుకు పూసిందో చెప్పే పని సైన్సు మాస్టారిది. ఆ మాస్టారు జగదానంద రాయ్. మొదట రవీంద్రుని జమీందారీలో ఉద్యోగి. పగలు లెక్కలూ సైన్సూ చెప్పి, రాత్రిళ్ళు పిల్లలకు దుర్భిణిలోంచి నక్షత్రాలు చూపేవాడు. పిల్లల నాటకాల్లో వేషాలూ కట్టేవాడు. ఆకాశం మీద పాట విన్న పిల్లవాడు ఆ రాత్రే ఆకాశం చూసేవాడన్నమాట. రవీంద్రుడే 1937లో విశ్వపరిచయం అని పరమాణువు నుంచి నక్షత్రలోకం దాకా వివరించే సైన్సు పుస్తకం రాసి, శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్‌కు అంకితమిచ్చాడు. అప్పటికి ఆయనకు 76 ఏళ్ళు.

మూడోది భూగోళం. మన జాతీయగీతాన్నే తీసుకోండి. అందులో ప్రాంతాలున్నాయి, కొండలున్నాయి, నదులున్నాయి, సముద్రముంది. మ్యాపు ముఖం చూడని పల్లెటూరి పిల్లవాడికి కూడా దేశం పేర్లు ముందు చెవిలోనే పడతాయి. కాని అర్థం చెప్పకుండా రోజూ పాడిస్తే అది మళ్ళీ నార్మల్ స్కూలు పాటే అవుతుంది. మా ఊరి బళ్ళో ఐదేళ్ళు పాడాను. అందులో ఏది కొండో ఏది నదో నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

పాటను తీసేసి చదువును కూరితే ఏమవుతుందో కూడా ఆయన చెప్పాడు. 1918లో ఒక చిలుక కథ రాశాడు. పాటలు పాడుకుంటూ ఎగిరే చిలుకకు చదువు రాలేదని రాజుగారు విద్య చెప్పించమంటాడు. బంగారు పంజరం వస్తుంది, పండితులొస్తారు, పుస్తకాల కాగితాలు చింపి చిలుక నోట్లో కుక్కుతారు. ముందు పాట ఆగుతుంది, తర్వాత ఊపిరి ఆగుతుంది. ఆ కథ చదివి మొదట నవ్వాను. తర్వాత తమ్ముడి ముఖం గుర్తొచ్చి నవ్వలేకపోయాను.

నాగలి పట్టిన కవి

రైతుబిడ్డగా నాకు ఆయన మీద గౌరవం పెంచిన విషయం ఇంకొకటుంది. కొడుకు రథీంద్రనాథ్‌ను 1906లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి పంపింది వ్యవసాయశాస్త్రం చదవడానికి. బారిష్టరీకి పంపగలిగిన జమీందారు కొడుకును దుక్కి చదువుకు పంపాడు. 1913లో వచ్చిన నోబెల్ సొమ్మును పతిసర్‌లో రైతుల కోసం పెట్టిన వ్యవసాయ బ్యాంకులో వేశాడు. రైతుకు తక్కువ వడ్డీకి అప్పు, వచ్చే వడ్డీ బడి ఖర్చుకు. చివరకు ఆ బ్యాంకు నిలవలేదన్నది వేరే సంగతి.

1921లో విశ్వభారతి ఏర్పడింది. 1922 ఫిబ్రవరిలో పక్కనే సురూల్ గ్రామంలో శ్రీనికేతన్ మొదలైంది. ఎల్మ్‌హర్‌స్ట్ అనే ఇంగ్లీషు యువకుడు దానికి తోడు నిలిచాడు. 1924లో పల్లెపిల్లల కోసమే శిక్షాసత్ర అనే బడి పెట్టారు. చేతిపని, తోటపని, పాట, చదువు అన్నీ అందులో కలిసే ఉండేవి. 1928లో వృక్షారోపణం, హలకర్షణం అని రెండు పండుగలు మొదలుపెట్టాడు. మొక్కను పల్లకిలో ఊరేగిస్తూ పిల్లలు పాడుతూ వెళ్ళి నాటుతారు. హలకర్షణంలో అలంకరించిన ఎద్దులను కట్టి, మంత్రాలు, పాటల నడుమ తొలిచాలు తీస్తారు. ఆ మొదటిసారి 67 ఏళ్ళ కవి స్వయంగా మేడి పట్టాడు.

ఇది చదవగానే మన ఏరువాక పున్నమి గుర్తొచ్చింది. ఎద్దులకు పసుపు పూసి, కొమ్ములకు రంగేసి, పాడుకుంటూ దుక్కి మొదలుపెట్టడం మనకు తాతలనాటి ఆచారం. మనం దాన్ని బడికి సెలవు పెట్టి చేసుకుంటాం. ఆయన దాన్ని బడిలోకే తెచ్చాడు. ఉన్న తేడా అంతే.

తెలుగు నేలతో బంధం

1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లె థియోసాఫికల్ కాలేజీలో కొన్నాళ్ళున్నాడు. ఒక రాత్రి విద్యార్థుల సభలో జనగణమన పాడి వినిపించాడు. ప్రిన్సిపాలుగారి భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతం తెలిసిన మనిషి. ఆమె ఆ బాణీకి స్వరాలు రాసింది. గీతానికి తన ఇంగ్లీషు అనువాదాన్ని కూడా ఆయన అక్కడే రాసిచ్చాడు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసులో మొదటిసారి పాడిన ఆ పాట 1950 జనవరి 24న జాతీయగీతమైంది. అంటే ఒక కాలేజీ పిల్లలు కూర్చుని విన్న రాత్రికి కూడా దేశచరిత్రలో చోటు దొరికింది.

మా పిఠాపురంతోనూ ఆయనకు చుట్టరికముంది. పిఠాపురం సంస్థాన విద్వాంసుడు వీణ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ విని పరవశించి, ఆయన్ని శాంతినికేతన్‌కు పిలిపించుకున్నాడు. మన రాయప్రోలు సుబ్బారావుగారు, బెజవాడ గోపాలరెడ్డిగారు అక్కడ చదువుకుని వచ్చి తెలుగుకు వెలుగు తెచ్చారు. 1933లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మానవుడు అనే విషయం మీద ఉపన్యాసాలిచ్చాడు.

1941 ఆగస్టు 7న, తాను పుట్టిన జొరాసాంకో ఇంటిలోనే రవీంద్రుడు కన్నుమూశాడు. 1951లో విశ్వభారతి కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 2023లో శాంతినికేతన్ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఒక మాట, ఒక లెక్క

సైన్సు విద్యార్థిగా ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. పాట వినిపిస్తే మార్కులు పెరుగుతాయని మందులా నమ్మడం తప్పు. 1993లో అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులకు మొజార్టు సంగీతం పదినిమిషాలు వినిపించి ఒక పరీక్ష పెట్టారు. కొంచెం మెరుగు కనిపించిందిగాని అది పావుగంట కంటె నిలవలేదు. చిన్నపిల్లల మీద ఆ ప్రయోగం చెయ్యనేలేదు. అయినా పిల్లలకు తెలివి పెరుగుతుందని లోకమంతా ప్రచారమైపోయింది. రవీంద్రుడు అలాంటి మాట ఎప్పుడూ చెప్పలేదు. పాట వెనక అర్థం ఉండాలి, అర్థం వెనక చూసే వస్తువు ఉండాలి, వినేవాడికి ఇష్టం ఉండాలి. ఈ మూడూ ఉంటే పాఠానికి పాట తోడవుతుంది. లేకపోతే అది అర్థంకాని ఇంగ్లీషు పాటే.

మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు తమ్ముణ్ణి చెరువుగట్టు మీద కూర్చోబెట్టి ఒక ఊడ్పు పాట పాడమన్నాను. మళ్ళీ కొడతానేమోనని కాసేపు అనుమానంగా చూశాడు. తర్వాత పాడాడు. నిజం చెప్పొద్దూ, నేను వాడి పాట చివరిదాకా వినడం అదే మొదటిసారి. పాట అయ్యాక ఇద్దరం ఒకే వేగంతో అంకెలు లెక్కపెట్టాం. వాడు ప్రతి మూడో అంకెకూ చప్పట్లు కొట్టాలి, నేను ప్రతి నాలుగో అంకెకూ. ఎక్కడ ఇద్దరి చప్పుడూ ఒక్కసారే పడుతుందో చెవితో పట్టుకోమన్నాను. పన్నెండు దగ్గర పడింది. మళ్ళీ ఇరవైనాలుగు దగ్గర. వాడే అన్నాడు, అయితే అన్నయ్యా, నాలుగూ ఆరూ అయితే పన్నెండు దగ్గరే కలుస్తాయి కదా అని. క.సా.గు. అంటే ఇదేరా అన్నాను. ఏడాదిగా వాడికి అంతుపట్టని మాట అది.

దీంతో వాడు లెక్కల్లో ఫస్టు వచ్చేస్తాడని నేననడం లేదు. భిన్నాలింకా మిగిలే ఉన్నాయి. నాన్న కళ్ళం దగ్గర నిలబడి అంతా వింటూనే ఉన్నాడు. ఏమీ అనలేదు. రాత్రి అన్నం తింటూ, సరే, ఇంకో ఏడు చూద్దాంలే అన్నాడు. గొడ్ల దగ్గరికి పంపే మాట ఒక ఏడాది వెనక్కి పోయింది.

మిత్రులారా, మనలో చాలామంది రేపు మాస్టార్లవుతారు, తల్లిదండ్రులవుతారు. మన ముందు ఒక పిల్లవాడు కూనిరాగం తీస్తాడు. చెయ్యెత్తేముందు ఒక్కసారి ఆ పాట వినండి.